వెలగకూడని ట్యూబు

ల్యాబులో నా అసలు పేరు ఎవరికీ గుర్తుండదు. అందరూ నన్ను 'జాగ్రత్త' అని పిలుస్తారు. టెక్నీషియన్ని కదా, ఆ మాట రోజుకు వందసార్లు అంటాను. మంట దగ్గర జాగ్రత్త, గాజు సామాను దగ్గర జాగ్రత్త, తడి నేల మీద జాగ్రత్త. నిజం చెప్పాలంటే అది జాగ్రత్త కాదు, భయం. పుట్టుకతోనే నాకది కాస్త ఎక్కువ.

పరిశోధనకు కొత్తగా చేరిన ఆమెను మొదటిసారి చూసిన రోజూ అదే మాట అరిచాను. చేతుల నిండా పుస్తకాలు, చంకలో గాజు బాటిల్ పెట్టుకుని, అప్పుడే తుడిచిన నేల మీదికి వస్తోంది.

"జాగ్రత్త!"

నా అరుపుకే ఉలిక్కిపడింది. బాటిల్ భళ్ళున పగిలింది.

"నేల తడిగా ఉందని చెబుదామని..." నీళ్ళు నమిలాను.

"ఇప్పుడు ఇంకా బాగా తడిసింది. చాలా థాంక్స్!"

ఆ మర్నాటి నుంచి ఆమె, ల్యాబులో వాడే తెల్ల ప్లాస్టిక్ బాటిల్‌లో ఇంటి నుంచి మంచినీళ్ళు తెచ్చుకునేది. అది రూల్సుకు విరుద్ధం. అందుకే ల్యాబు నడిపే మేడమ్ కంట పడకుండా దానికి లేబుల్ కూడా అంటించలేదు. ఇంకెవరైనా అయితే ఊరుకునేవాణ్ణి కాదు. ఆమెతో అనడానికి భయమేసింది. ఆమె నవ్వితే మరీ భయమేసేది.

ఆమె పని బాక్టీరియాకు స్విచ్ తయారుచెయ్యడం. జన్యువులతో అల్లిన సర్క్యూట్ అది. అందులో ఒక ప్రోటీన్ కాపలాదారు. నీళ్ళలో సీసం అనే విషలోహం లేనంతసేపూ తలుపు మూసి ఉంచుతుంది. సీసం అయాన్లు వచ్చి తాకితే తలుపు వదిలేస్తుంది. అప్పుడు బాక్టీరియా నీలి లైటు కింద ఆకుపచ్చగా వెలుగుతుంది. ప్రతి పరీక్షలోనూ పక్కన శుద్ధమైన నీళ్ళతో కంట్రోల్ ట్యూబు ఒకటి పెట్టాలి. అది మాత్రం వెలగకూడదు. దాన్ని నింపేది నేను.

ఆ సోమవారం కంట్రోల్ ట్యూబు వెలిగింది. మంగళవారమూ వెలిగింది. బుధవారానికి ఆమె కళ్ళ కింద నల్లటి చారలు వచ్చేశాయి.

"మూడేళ్ళ కష్టం. సీసం లేకపోయినా వెలుగుతోందంటే నా డిజైనే తప్పు. శుక్రవారం మేడమ్ రివ్యూ. ప్రాజెక్టు ఆపేస్తారు," అంది. "నువ్వు సరైన నీళ్ళే పోశావా?"

"మూడుసార్లు చూసి మరీ పోశాను," అన్నాను, కాస్త రోషంగానే.

"అవున్లే. నువ్వు జాగ్రత్తవి కదా." నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

గురువారం ఉదయం నా అలమరలో ఉన్న తెల్ల బాటిల్ తీసి ట్యూబు నింపి, మళ్ళీ అక్కడే పెట్టాను. వెనక్కి తిరిగేసరికి ఆమె వచ్చి, అదే బాటిల్ తీసి, మూత విప్పింది.

"కంట్రోల్ నీళ్ళ బాటిల్ తీశావేంటి?" అన్నాను.

"ఇది నాదే. సోమవారం నుంచి ఇక్కడే పెడుతున్నా. ఇక్కడైతే చల్లగా ఉంటాయి."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. నా శుద్ధమైన నీళ్ళదీ, ఆమెదీ, లేబుల్ లేని రెండు తెల్ల బాటిళ్ళు, పక్కపక్కనే. నేను ముందున్నది తీసి పోస్తున్నాను. అంటే ఆమె డిజైన్ తప్పు కాదు! ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం గుండె గుభేలుమంది. డిజైన్ సరైనదైతే, ఆ నీళ్ళలో సీసం ఉన్నట్టే. ఆమె బాటిల్ ఎత్తుతోంది.

"తాగొద్దు!"

బాటిల్ జారి నేల మీద దొర్లింది.

"నీ అరుపులకు ఇంకెన్ని బాటిళ్ళు పోవాలి?" అంది కోపంగా.

"తప్పు నీ సర్క్యూట్‌ది కాదు. నాది. రోజూ కంట్రోల్‌లో పోసింది నీ నీళ్ళే."

"మూడుసార్లు చూసి పోశానన్నావు!"

"చూశాను," అన్నాను. "బాటిల్‌ని కాదు. నిన్ను."

ఆమె నోరు తెరిచింది. ఏదో అనబోయింది. అంతలోనే ముఖం పాలిపోయింది.

"మా నీళ్ళలో సీసమా? అక్క! ఇంట్లో అక్క ఉంది. ఏడో నెల."

మేడమ్ అంతా విని, "రివ్యూ సంగతి తర్వాత. ముందు ఇంటికెళ్ళండి," అన్నారు. నా వైపు తిరిగి, "నీతో తర్వాత మాట్లాడతాను," అన్నారు. మామూలు రోజైతే ఆ మాటకే జ్వరం వచ్చేది.

ఇంట్లో కుళాయి కుళాయికీ నీళ్ళు పట్టి ల్యాబులో పరీక్షించాం. బాత్రూమ్ నీళ్ళు వెలగలేదు. వంటింటివి ఆకుపచ్చగా వెలిగాయి. నీటి పరీక్షా కేంద్రం వాళ్ళూ అదే చెప్పారు. ఆమె నాన్న పైపుల పని చేసి రిటైరైన మనిషి. ఆరునెలల క్రితం వంటింటి పైపు కారుతుంటే, పాత పెట్టెలోని సీసం కడ్డీ కరిగించి తనే అతుకు వేశాడు.

"మంచి అతుకని మురిసిపోయాను," అంటూ వంటింటి గడప మీద కూలబడ్డాడు. "నా బిడ్డకు నేనే విషం పోశాను కదమ్మా."

అందరి రక్తమూ పరీక్షకిచ్చాం. రిపోర్టుకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నాకు ముద్ద దిగలేదు. ఆసుపత్రి వరండాలో ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"భయంగా ఉంది," అంది.

"నాకూ."

"నీకెప్పుడూ ఉండేదేగా."

"ఎప్పుడూ నా గురించే భయపడేవాణ్ణి. ఇంకొకరి కోసం ఇంత భయపడటం ఇదే మొదటిసారి."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

డాక్టర్ బయటికొచ్చింది. "సీసం కొంచెం ఎక్కువే ఉంది. ఆ నీళ్ళు మానేశారు కాబట్టి తగ్గుతుంది. స్కాన్‌లో బిడ్డ బాగుంది. నెలనెలా రండి. కాన్పు దాకా అవే తాగుంటే మాత్రం..." అంటూ ఆగిపోయింది. మిగతాది వినే ధైర్యం మాకెవరికీ లేదు.

వాళ్ళ నాన్న వంటింటి పైపంతా పీకి కొత్తది వేయించాడు. ఆ నీళ్ళ పరీక్ష చూడ్డానికి అక్కనూ వెంటబెట్టుకుని ల్యాబుకొచ్చాడు. నీలి లైటు వేశాను. పాత నీళ్ళ ట్యూబు ఆకుపచ్చగా వెలిగింది. కొత్త నీళ్ళదీ కంట్రోల్‌దీ చీకటిగానే ఉన్నాయి. ఆ పెద్దాయన ముఖం చేతుల్లో దాచుకున్నాడు. మేడమ్ ఆ మూడు ట్యూబులనూ చూసి, "రివ్యూ అయిపోయినట్టే. ప్రాజెక్టు కొనసాగుతుంది," అన్నారు.

"బాబూ, ముప్పై ఏళ్ళలో నా పనికి వంకపెట్టినవాడు లేడు," అన్నాడాయన.

"కనిపెట్టింది మీ అమ్మాయండీ. నేను చేసింది పొరపాటు మాత్రమే."

"ఆ పొరపాటే మమ్మల్ని కాపాడింది. ఇకనుంచి నెలనెలా ఇంటికొచ్చి నీళ్ళు చూసిపో."

"నెలనెలా ఏంటి నాన్నా!" అంది అక్క. "ఇంట్లోనే ఉంచేసుకుంటే రోజూ చూస్తాడుగా."

ఆయన నన్నూ చూశాడు, కూతుర్నీ చూశాడు. "అది దాన్నడుగు. నాకైతే సమ్మతమే," అన్నాడు.

ఆమె మూడు ట్యూబులూ తీసుకుని కడగడానికి వెళ్ళిపోయింది. మర్నాడు ఉదయం ల్యాబు బయట బల్ల మీద కొత్త స్టీలు బాటిల్ ఉంది. దానికి పెద్ద లేబుల్: 'తాగే నీళ్ళు. ఇద్దరికీ.'

మూడుసార్లు చదివాను. ఈసారి ముందు బాటిల్‌నే చూశాను, ఆ తర్వాతే ఆమెను.