గొర్రె ఎడమ చెవి

కొమ్ములు పట్టుకుని బెర్గూర్ ఆ ముసలి గొర్రెని తన మావయ్య దొడ్డిలోకి లాగుతుంటే, వెనక నుంచి ఎవరో దాన్ని గట్టిగా పట్టుకుని ఆపారు.

"మా గొర్రెని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అంది ఒక అమ్మాయి. ఆమె టోపీ మీంచి వాన నీళ్ళు ముక్కు మీదికి కారుతున్నాయి.

"మీది కాదండీ, మా మావయ్యది. ఎడమ చెవికి గాటు ఉంది, చూడండి."

"ఎవరికి ఎడమ? మీకా, గొర్రెకా?"

బెర్గూర్ గొర్రె ముఖంలోకి చూశాడు. గొర్రె కూడా అదే అడుగుతున్నట్టు చూసింది.

"మీరు దానికి ఎదురుగా నిలబడ్డారు. ఇలా నా పక్కకి వచ్చి చూడండి."

వెళ్ళి చూశాడు. గాటు కుడి చెవికే ఉంది.

గోడ మీద కూర్చుని కాఫీ తాగుతున్నవాళ్ళంతా నవ్వారు. ఐస్‌లాండ్‌లో ఈ ఉత్తరపు లోయ మాది. వేసవంతా కొండల మీద కలిసి మేసిన గొర్రెల్ని సెప్టెంబరులో కిందికి తోలుకొచ్చి, చెవుల గాట్లు చూసి ఎవరివి వాళ్ళం విడదీసుకుంటాం. గుండ్రటి రాతి గోడ, మధ్యలో అందరికీ కలిపి ఖాళీ జాగా, చుట్టూ ఇంటికొక దొడ్డి. దేని తలుపు దానికే. పొద్దుటి నుంచి బెర్గూర్ ఎన్నిటిని తప్పు తలుపులోకి తోశాడో అతనికే తెలియదు. ఆ అమ్మాయి పేరు స్వాలా, పక్క కమతం వాళ్ళ పిల్ల. సాయంత్రం దాకా అతనితో పాటు వానలో వాటిని వెతికి బయటికి లాగింది. తిడుతూనే లాగింది. ఆఖరికి ఫ్లాస్కులో మిగిలిన కాఫీ అతనికే పోసింది.

బెర్గూర్ ఆ యేడే రాజధాని రేక్యావిక్ నుంచి వచ్చాడు. మావయ్య గెస్తూర్‌కి మోకాళ్ళు అరిగిపోయాయి, పిల్లలు లేరు. కమతం ఇక మేనల్లుడే చూసుకోవాలి.

ఆ చలికాలం అతను ట్రాక్టరు గొలుసు కోసం స్వాలా ఇంటికి వెళ్ళాడు. గొలుసు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాడు. మరిచిపోయిన చేతి తొడుగుల కోసం మళ్ళీ వెళ్ళాడు. ఇంకో జత ఇక్కడే ఉంచుకోమని చెప్పవే అని వాళ్ళమ్మ రూనా కూతురితో అంది. అప్పటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది.

మంచు కరిగాక, ఒక ఆదివారం అతను స్వాలాని పిలిచి తను చేసిన భోజనాల బల్ల చూపించాడు. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలు కోసి చేశాడు. వంటింటి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంది. చిన్నప్పుడు తండ్రి చేపల ఓడ మీద, తల్లి ఆసుపత్రిలో రాత్రి పనిలో ఉంటే, తను రేడియో పెట్టుకుని ఒక్కడే తినేవాడినని చెప్పాడు. వేసవి సెలవుల్లో ఈ ఇంటికొస్తే, కోతలకి వచ్చినవాళ్ళంతా కలిసి తింటుంటే పక్కవాళ్ళ మోచేతులు తగిలేవట. బతుకంటే అది అని అప్పుడే అనుకున్నాడట. ఈ బల్ల దగ్గర స్వాలా కూడా ఉంటే తనకు ఇంకేమీ అక్కర్లేదన్నాడు.

స్వాలా చాలాసేపు బల్ల మీది నునుపుని చేత్తో తడిమింది.

"ఇంత బల్లకి పట్టే పళ్ళేలన్నీ ఎవరు కడుగుతారు?"

"నేనే."

"కడగడం గురించి కాదు బెర్గూర్. మా ఇంట్లో ఏడుగురు పిల్లలం. నేనెక్కడ కూర్చున్నా 'స్వాలా' అని ఎవరో ఒకరు పిలిచేవారు. మొదలుపెట్టిన పుస్తకం ఒక్కటీ పూర్తి చెయ్యలేదు. తలుపు వేసుకుంటే ఎవరూ తట్టని గది ఒకటి కావాలి నాకు. అంతే."

అకురేరి ఊళ్ళో అలాంటి గది చూసుకున్నానని, ఈసారి గొర్రెలు దిగగానే వెళ్ళిపోతానని చెప్పింది. అతనంటే ఇష్టం లేక కాదని కూడా చెప్పింది. అది విని అతనికి మరీ కష్టమేసింది.

కొన్నాళ్ళు ఆ ఇంటివైపు వెళ్ళలేదు. జూన్‌లో గొర్రెపిల్లలకి గాట్లు పెడుతూ, అలవాటుగా ఒకదాని వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. కత్తెర చేతిలోనే ఆగిపోయింది. తనేమో ఇన్నాళ్ళూ స్వాలాకి ఎదురుగా నిలబడి, తన ఎడమే ఆమెకీ ఎడమ అనుకున్నాడు.

"ఒరేయ్, కత్తిరిస్తావా, దాన్ని అలాగే ముద్దు చేస్తావా?" అన్నాడు గెస్తూర్.

ఆ వేసవిలో బెర్గూర్ ఇంటి వెనక పాత పాలగది ఖాళీ చేశాడు. చెక్క నేల వేశాడు, కొండ వైపు కిటికీ పెట్టి దాని కింద కాసిని పుస్తకాలు సర్దాడు, దళసరి తలుపు బిగించాడు. గడియ లోపలి వైపే. బయట గొళ్ళెం కూడా లేదు.

సెప్టెంబరులో గొర్రెల్ని విడదీయడం అయ్యాక, అలవాటు ప్రకారం అందరూ గెస్తూర్ ఇంటికి మాంసం పులుసు తాగడానికి వచ్చారు. బెర్గూర్ గుమ్మంలోనే స్వాలాని ఆపాడు.

"వెళ్ళే ముందు ఒక గది చూసి వెళ్ళు. నచ్చకపోతే పాలగదిగానే ఉంటుంది."

ఆమె పాలగదిలోకి వెళ్ళింది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

బల్ల నిండిపోయింది. పాటలు మొదలయ్యాయి. కిటికీ మీద వాన కొడుతోంది. కాసేపటికి రూనా, "స్వాలా, పళ్ళేలు తియ్యవే," అని కేకేసింది.

"ఆమె తన గదిలో ఉందండీ. నేను తీస్తాను," అన్నాడు బెర్గూర్.

రూనా అతన్ని ఎగాదిగా చూసింది. లేచి తుడిచే గుడ్డ అందుకుంది. గెస్తూర్ కూడా కుంటుకుంటూ వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డాడు.

అందరూ కాఫీకి వచ్చేసరికి గడియ తీసిన చప్పుడయింది. స్వాలా చేతిలో పుస్తకం, మధ్యలో వేలు. కడిగి బోర్లించిన పళ్ళేల వంక చూసింది.

"నన్నెవరూ పిలవలేదా?"

"పిలిచారు. నేను పలికాను."

ఆమె వచ్చి బల్ల చివర, అతని మోచేయి తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"ఫోనుంటే ఇలా ఇవ్వు," అంది. "అకురేరి గది ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పాలి."