తొమ్మిది అడుగులు, ఎడమవైపు

నకిరేకల్ బస్టాండులో పట్టపగలు మామిడిపండ్లు అమ్మే మనిషిని ఎవరో సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చారు. చనిపోయినవాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ మనిషి. బుట్ట అడుగున గడ్డిలో ఒక సీడీ దొరికింది.

మర్నాడు హైదరాబాదులో చీఫ్ దాన్ని ఏజెంట్ కరీం ముందు పెట్టాడు.

"ఏముంది సార్ ఇందులో?"

"వీడియో గేమ్. దెయ్యాల బంగళా. ఆడు."

"ఎంతసేపు?"

"అర్థమయ్యేదాకా."

కరీం రెండు రోజులు ఆడాడు. తెరమీద మనిషి ఉండడు. టార్చి పట్టుకున్న చెయ్యి ఉంటుంది. అది మన చెయ్యే అనుకోవాలి. చీకటి కారిడార్లు, తాళాలు, అయిపోయే బ్యాటరీలు. ఐదో తలుపు దగ్గర జుట్టు విరబోసుకున్న ఆడదెయ్యం వచ్చి కాలరు పట్టుకుంటుంది. చచ్చి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. కరీం నలభైసార్లు చచ్చాడు, ఒక్కసారీ భయపడలేదు. లక్షల డాలర్లు పోసి తయారుచేసిన దెయ్యానికి చీర కట్టుకోవడం రాదు. పవిటను బెల్టులా నడుముకు చుట్టుకుంది.

నలభై ఒకటోసారి గోడకు వేలాడుతున్న ఎర్ర బకెట్లు చూశాడు. నాలుగు. నిండా ఇసుక.

"దెయ్యాల బంగళాలో ఫైర్ బకెట్లెందుకు సార్? ఇది సర్కారీ ఆఫీసు."

చీఫ్ సర్కారీ భవనాల ప్లాన్లు తెప్పించాడు. ఆటలోని బంగళా అచ్చంపేట ఖనిజ సర్వే కేంద్రంతో గోడ గోడకూ సరిపోయింది. గుమ్మం నుంచి తొమ్మిది అడుగులు, ఎడమవైపు, ఐదో తలుపు: మ్యాప్ రూమ్. నల్లమల కింద ఏముందో పదకొండేళ్లు తవ్వి గీసిన పటాలన్నీ అక్కడే. చీకట్లో నడిచి వెళ్లి బాంబు పెట్టి రావడానికి విదేశీ ముఠా తన మనిషికి ఇచ్చిన రిహార్సల్ అది.

ఎప్పుడన్నది ఫ్లోరా చెప్పింది. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు, రెండు వైపులా జీతం. డబుల్ ఏజెంట్.

"శనివారం. నాలుగింటికి కరెంటు కోత. అప్పుడే."

శనివారం కరీం ఏసీ మెకానిక్ వేషంలో దిగాడు. మూడున్నరకు అందర్నీ బయటికి పంపేయాలని అతని ఆలోచన. జేబులో ట్రాన్స్‌మిటర్ పెన్ను ఉంది. అది సిగ్నలూ పంపదు, రాయదు కూడా.

గుమ్మం దగ్గర గచ్చు తుడిచే సుక్కమ్మ ఆపింది.

"చెప్పులు ఇడిసి పో బిడ్డా. కంపూటర్లకు దుమ్ము పడదట."

విప్పాడు. ఏసీ గచ్చు చల్లగా జివ్వుమంది. సుక్కమ్మ అతని ముఖం చూసి, పోయి ఒక గోనెసంచి తెచ్చి కాళ్ల కింద పరిచింది.

"జర దీని మీద నిలబడు. సలికి కాళ్లు గుంజుతయి."

ఇరవై ఏళ్ల సర్వీసులో అతని కాళ్ల గురించి ఆలోచించిన మనిషి ఆమె ఒక్కతే.

ఫ్లోరా నాలుగంది. కరెంటు మూడింటికే పోయింది.

కిటికీలు లేని భవనం. కటిక చీకటి. ఉద్యోగులు తడుముకుంటూ కదులుతున్నారు. అందరివీ ఉత్త కాళ్లే, చప్పుడు లేదు.

టక్. టక్. టక్.

కరీం లెక్కపెట్టాడు. తొమ్మిది. ఆ తర్వాత ఎడమవైపు.

ఆటలో చేతులే కనబడతాయి. కాళ్లు లేనివాడికి చెప్పులు విప్పమని ఎవరు నేర్పుతారు? కరీం చప్పుడు వెంట పరుగెత్తాడు. ఐదో తలుపు దగ్గర గచ్చు తుడుస్తున్న సుక్కమ్మ అప్పటికే లేచింది.

"ఎవల్రా నువ్వు? ఇప్పుడే తుడిసిన. బూట్లేసుకొని ఎట్లొస్తవ్?"

వాడి కాలరు పట్టుకుంది.

వాడు కెవ్వుమని కూలబడ్డాడు. మూడు నెలలుగా ఆ తలుపు దగ్గరే, ఆ పట్టులోనే వందలసార్లు చచ్చినవాడు. బెదురుకు వేలు బాంబు బటన్ మీద పడింది. చేతిలోని టిఫిన్ డబ్బా జారి మూత ఊడింది. లోపల ఎర్ర అంకెలు: ఎనిమిది, ఏడు...

కరీం వాడి మీదుగా దూకి బ్యాటరీ సెల్లులు పీకేశాడు. ఒకటి అంకె కనబడి ఆరిపోయింది.

గుమ్మం బయట చెప్పుల వరుసలో హైహీల్స్ జత ఒకటి మిగిలింది. పని అయిందో లేదో చూడటానికొచ్చిన ఫ్లోరా పద్ధతి తెలిసిన మనిషి, వాటిని విప్పి లోపలికొచ్చింది. కేక విని ఉత్త కాళ్లతోనే పారిపోయింది.

"ఎంతదూరం పోతుంది?" చీఫ్ ఫోన్‌లో అడిగాడు.

"మే నెల సార్, తారురోడ్డు. మొదటి నీడదాకా."

మొదటి వేపచెట్టు కిందే దొరికింది.

పోలీసులు వాణ్ని లేపుతుంటే సుక్కమ్మ అడ్డం నిలబడింది.

"పట్టుకపోండ్రి సారూ, ఎవడో ఏమో. గాని గీ బూట్ల మరకలు ఎవలు తుడవాలె?"

కరీం వంగి తడిగుడ్డ అందుకున్నాడు. ఈ మిషన్‌లో అతని చేతికొచ్చిన పరికరాల్లో సరిగ్గా పనిచేసింది అదొక్కటే.