ఎనిమిది గళ్ల మాస్క్

పొద్దున పదింటికి హిందూపురం బస్టాండులో ఏజెంట్ దినేష్ మెడ మీద సూది గుచ్చుకుంది. రెండు నిమిషాల్లో ప్రాణం పోయింది. పోయేముందు చీఫ్ రంగనాథ్‌కి ఒక్క మెసేజ్ పంపగలిగాడు: "పదకొండింటికి. పెనుకొండ రౌటర్. చెత్త ట్రాఫిక్ నంబర్లు సున్నా, ఒకటి, రెండు."

పట్టుచీరల మూటతో పెనుకొండ వీధుల్లో తిరుగుతున్న ఏజెంట్ మార్కండేయులుకి ఫోన్ మోగింది. ధర్మవరం మగ్గాల మధ్య పుట్టినవాడికి ఆ వేషం కొత్తేమీ కాదు.

"విను," అన్నాడు చీఫ్. "హిందూపురం గ్యాస్ ఫ్యాక్టరీ ట్యాంకులో ప్రెషర్ పెంచేశారు. పదకొండింటికి సేఫ్టీ వాల్వు తెరుచుకోవాలి. ఆ సిగ్నల్ పెనుకొండ రౌటర్ మీదుగా వస్తుంది. విదేశీ ముఠా అదే లైన్లోకి చెత్త ట్రాఫిక్ కుమ్మరిస్తోంది. సిగ్నల్ అందకపోతే ట్యాంకు పేలుతుంది."

"లైను కోసేస్తే?"

"సిగ్నలూ పోతుంది. చెత్తకి మాత్రమే, అంటే సున్నా, ఒకటి, రెండు నంబర్లకి రేట్ లిమిట్ పెట్టి వేగానికి కళ్లెం వెయ్యి. రౌటర్ ఉన్న టెలిఫోన్ ఎక్స్చేంజి వెనక తలుపు దగ్గర మన మనిషి ఉంటారు, కోడ్ అడుగు. జనాన్ని బయటికి పంపించాం. కంట్రోల్ రూములో ఆరుగురు కదల్లేరు, చేత్తో ప్రెషర్ ఆపుతున్నారు. మీ చెల్లెలు శ్రావ్య వాళ్లలో ఉంది."

మార్కండేయులు పరుగెత్తాడు.

ఎక్స్చేంజి వెనక తలుపు దగ్గర నల్లకళ్లద్దాల సుందరి నిలబడి ఉంది.

"ఎర్రంచు చీర యాడుండాది?" అని అడిగాడు మార్కండేయులు.

"బత్తలపల్లి క్రాసులో ఆరేసినాం."

కోడ్ సరిపోయింది. మనిషే సరిపోలేదు. ఆమె ప్రమోద. రెండేళ్లుగా ముఠా జీతం తింటూ, మన పనే చేస్తున్నానని చెప్పుకునే డబుల్ ఏజెంట్. మార్కండేయులు ఆమెని ఇసుమంత కూడా నమ్మడు.

చీరల మూట అడుగు నుంచి చిన్న లాప్‌టాప్ తీసి రౌటర్‌కి తగిలించాడు. పది యాభై రెండు.

లైన్లో పోయే ప్రతి డేటా పాకెట్ మీదా సున్నా నుంచి ఏడు దాకా ఏదో ఒక నంబరు ఉంటుంది. వాటిలో వేటిని అదుపు చేయాలో చెప్పే మాస్క్‌లో ఎనిమిది గళ్లు. ఏ గడిలో ఒకటి వేస్తే ఆ నంబరుకి కళ్లెం పడుతుంది. అచ్చం నాయన మగ్గం మీది జాకార్డు అట్టే: రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది. ఇంట్లో అట్టని ఎడమ నుంచే చదివేవాళ్లు. ఆ అలవాటు మార్కండేయులుకి అక్షరాల కంటే ముందే వచ్చింది. ఎడమ నుంచి మూడు ఒకట్లు, తర్వాత ఐదు సున్నాలు కొట్టాడు. ఎంటర్.

చెత్త తగ్గలేదు. చీఫ్ ఫోన్లో అరిచాడు, "సేఫ్టీ సిగ్నల్ పడిపోయింది! ఏం చేశావ్?"

పది యాభై ఆరు.

"తిప్పేసినావప్పా!" అంది ప్రమోద. "ఈడ సున్నా నంబరు కుడి చివర ఉంటాది. నువ్వు ఐదు, ఆరు, ఏడు పట్టుకున్యావు. వాల్వుది ఐదు!"

"నీ మాట నమ్మాల్నా నేను?"

"నన్ను నమ్మొద్దు. లెక్కను నమ్ము. సున్నా గడికి విలువెంత?"

"ఒకటి."

"ఒకట్ల స్థానం యాడుంటాది?"

రెండో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. కుడి చివర. ఇక్కడ గడి గడికీ విలువ రెట్టింపు: పక్కది రెండు, ఆ పక్కది నాలుగు. మొత్తం ఏడు. మార్కండేయులుకి సిగ్గేసింది, అంతకు మించి భయమేసింది. చెల్లెల్ని తన చేత్తోనే చంపబోయాడు. పాత మాస్క్ చెరిపాడు. ఐదు సున్నాలు, కుడి చివర మూడు ఒకట్లు, అంటే ఏడు, కొట్టాడు.

పది యాభై తొమ్మిది. చెత్త ఒక్కసారిగా కుంగిపోయింది. ఐదో నంబరు దూసుకుపోయింది. పదకొండు కావడానికి ఇంకా రెండు సెకన్లు ఉన్నాయి.

"అన్నా," ఫోన్లో శ్రావ్య గొంతు. "వాల్వు తెరుచుకునింది. అందరం బాగుండాం."

మార్కండేయులు నేల మీద కూలబడి ఏడ్చాడు. ప్రమోద చూస్తున్నా సిగ్గుపడలేదు.

బయటికొచ్చేసరికి పెనుకొండంతా గగ్గోలు. ఊరి జనం మామూలు ట్రాఫిక్‌దీ సున్నా నంబరే మరి, దానికీ కళ్లెం పడింది. బోండాల అంగడి వెంకటక్క ఫోను ఊపుతూ శాపనార్థాలు పెడుతోంది.

"యా పాపాత్ముడో నెట్టు పాడు చేసినాడు. వాని చేతులిరగ!"

ప్రమోద నవ్వాపుకుంటూ మార్కండేయులు వైపు చూసింది.

"ఇరగనీలేక్కా," అన్నాడతను బల్ల మీద కూర్చుంటూ. "బోండాలు తిన్నాక."