కాజాల అక్క

ఒక్క మనిషి పేరు దాస్తే కొంప మునుగుతుందా అని ఇందాక నవ్వావే, నువ్వు ముందు సరిగ్గా కూర్చో. నీలాగే అనుకున్న దర్జీని నేనెరుగుదును.

వీధి వీధికీ జ్వరం పాకిన రోజులవి. నర్సుగా నా పని, రోగం తేలినవాళ్లు ఎవరెవరితో మెలిగారో అడగడం. పేరు తెలిస్తేనే ఆ మనిషికి వేళకు మందు అందేది. దర్జీకీ రోగం తేలితే, దుకాణం గుమ్మంలో నిలబెట్టి అడిగాను.

"నేనొక్కణ్ణే నర్సమ్మా. మిషనుకి జ్వరమొస్తే కబురు పెడతాలే."

నిజానికి తెర వెనక గదిలో అతని అక్క రోజంతా చొక్కాలకు గుండీలు పట్టే కాజాలు కుట్టేది. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది ఆమే. ఆమె పేరు చెబితే ఇంట్లో కూర్చోబెడతారు, బడి యూనిఫారాలు ఆగిపోతాయి. అందుకని మింగేశాడు.

ఆమెకీ జ్వరం తగిలింది. ఆసుపత్రికి పోదామన్న పొరుగావిడతో, తమ్ముడు నా పేరు చెప్పే ఉంటాడు, నర్సమ్మే వస్తుంది అందట. వాకిలి వైపు చూస్తూనే పోయింది.

అది తెలిసి, ఒళ్లు మండి, సాయంత్రం దుకాణానికి వెళ్లాను. దర్జీ కోలుకుని మిషను తొక్కుతున్నాడు. ఇస్త్రీ పెట్టె వేడి, మిషను నూనె వాసన. వాటి కింద ఇంకో వాసన... జ్వరపు చెమటది.

తెర వెనక టిక్కుమంది. మళ్లీ టిక్కు... అక్క వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు కత్తెరకు తగిలే చప్పుడు.

అతని కాలు ఆగింది.

"తమ్ముడూ..." గుసగుస. "నా పేరు చెప్పావా?"

నేను అతని కళ్లలోకి చూశాను. "లోపల ఎవరు?"

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

"ఎవరూ లేరు నర్సమ్మా."

చప్పుడు ఆగింది.

తెర లాగాను. ఖాళీ పీట. పక్కన యూనిఫారాల దొంతర, అన్నిటికీ కాజాలు పూర్తయ్యాయి. పై చొక్కాకు వేలాడుతున్న సూది ఇంకా ఊగుతోంది...

వెనక్కి తిరిగేసరికి దర్జీ రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాడు.

మనిషి బతికే ఉన్నాడు, మాటే పోయింది. గొంతులో లోపమేమీ లేదన్నారు డాక్టర్లు. పెదవుల అంచున మాత్రం, పైనా కిందా, దగ్గర దగ్గరగా సూది పోట్లు. కాజా కుట్టు వరస. రోజూ నేనే దూదితో అద్ది మానుస్తాను.

తెల్లారేసరికి మళ్లీ పచ్చిగా ఉంటాయి.