ఆ పేరు మనవాడిది కాదు

"వదినా... పేపర్లో పడ్డ ఆ పేరు నాది కాదు!"

ఇస్త్రీపెట్టె పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండిపోయింది. కింద కొత్త తెల్లచొక్కా... కాలరు మాడిన వాసన ముక్కుకి తగిలాక గానీ ఆమె ఈ లోకంలోకి రాలేదు. గబుక్కున పెట్టె పక్కకి తీసి, గుమ్మంలో నిలబడ్డ మరిది ముఖంలోకి చూసింది. స్నానం చెయ్యలేదు, గడ్డం గీసుకోలేదు. వారం రోజులుగా ముద్ద సరిగ్గా దిగడం లేదంటే సంతోషంలో ఆకలి పోయిందేమో అనుకుంది పిచ్చిది!

"ఏమిట్రా చిన్నోడా, ఏమంటున్నావు?"

"అదే పేరున్న ఇంకెవరిదో వదినా! రోల్ నెంబరు వేరు. నేను ఇంటర్వ్యూలోనే పోయాను..." అంటూ గోడకి జారగిలబడి, చిన్నపిల్లాడిలా మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇంకాసేపట్లో బస్సు డిపోలో వాడికి సన్మానసభ! కుర్చీలు సర్దించాలని ఆమె భర్త పొద్దున్నే వెళ్ళిపోయాడు. డ్యూటీ లేకపోయినా ఉతికిన యూనిఫాం వేసుకుని మరీ వెళ్ళాడు!

ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలో కుర్రకారందరికీ ఆమె వదినే. పెళ్ళయి ఆ రెండు గదుల ఇంట్లో అడుగుపెట్టేనాటికి అత్తమామలు లేరు. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోవడం రాని మరిది తలుపు చాటునుంచి తొంగిచూసి, "నువ్వు ఉండిపోతావా, మళ్ళీ వెళ్ళిపోతావా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటతో కొత్తపెళ్ళికూతురు కాస్తా తల్లయిపోయింది! ఆ తరువాత ఆమె కడుపున ఒక కాయ కాయలేదు. భర్త ఏనాడూ ఆమెను ఒక్క మాట అనలేదు. "మనకి చిన్నోడున్నాడుగా" అన్నాడు. ఆమె కూడా అంతే అనుకుంది.

ఆ చిన్నోడు డిగ్రీ అయ్యాక సివిల్ సర్వీసు పరీక్ష రాస్తానన్నాడు. అన్న సిటీ బస్సు నడిపేవాడు, ఆమె ఇంట్లో బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. మిషను చప్పుడుకి వాడి చదువు చెడుతుందని, ఎండనకా చలనకా మిషను వరండాలోకి ఈడ్చుకుని అక్కడే కుట్టేది. వాడికి వచ్చిందీ రానిదీ చూడమని పుస్తకం చేతికిస్తే, నోరు తిరగని మాటలన్నీ అష్టవంకర్లు తిప్పి చదివేది. "వదినా, ఆ మాట నువ్వన్నట్టు రాస్తే నన్ను పరీక్ష హాల్లోంచి గెంటేస్తారు!" అని వాడు పడీ పడీ నవ్వేవాడు. "ఆ గెంటేవాడికి కూడా నేనే పలకడం నేర్పుతాలే" అనేది ఆమె. ఒకసారి మొదటి గడపలో, ఇంకోసారి రెండో గడపలో... పోయిన ప్రతిసారీ ఇల్లంతా ముడుచుకుపోయేది. మళ్ళీ ఆమే ముందు లేచి టీ పెట్టి, "సరే, మళ్ళీ మొదలెట్టు" అనేది. ఈసారి ఇంటర్వ్యూ దాకా వెళ్ళాడు. వయసు దాటిపోతోంది గనక ఇదే ఆఖరు.

"ఆ రోజే చెప్పెయ్యొచ్చు కదరా నాన్నా!"

"చెబుదామనే నోరు తెరిచాను వదినా! అన్నయ్య పేపరు పట్టుకుని వీధి చివరినుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు చూశావుగా... నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. నాన్న పోయినప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి నా భుజం మీద తల పెట్టి ఏడుస్తుంటే ఎలా చెప్పను? సాయంత్రం చెబుదామనుకున్నాను. అప్పటికే డిపో అంతా తెలిసిపోయింది. మర్నాడు చెబుదామనుకుంటే అక్కయ్య స్వీట్లు పట్టుకుని దిగింది. ఒక్కో రోజూ గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది వదినా..."

అప్పుడు చూసింది ఆమె, మంచం కింద సర్దిపెట్టిన సంచీ. "ఇదేమిట్రా?" అంది.

"ఎటైనా పోదామని..."

"ఎటు?"

వాడు పలకలేదు. కళ్ళెత్తి ఆమెను చూడనూ లేదు. పరీక్ష పోతే పోయింది, పరువు పోతే పోయింది... వీడు పోతే? ఆ సంచీని బయటికి లాగి, బట్టలన్నీ నేలమీద గుమ్మరించింది. వాడి రెక్క పట్టుకుని లేవదీసింది.

"పద. ముఖం కడుక్కో. ఇద్దరం వెళ్ళి మీ అన్నయ్యకి చెబుదాం."

"నా వల్ల కాదు వదినా! అన్నయ్య ముఖం చూసి ఆ మాట చెప్పలేను... చచ్చినా చెప్పలేను!"

"ఆ మాట మళ్ళీ నీ నోట రాకూడదు!" అని గట్టిగా కసిరి, మరుక్షణం వాడి తల తన భుజానికి అదుముకుంది. "నువ్వేం చెప్పక్కర్లేదు. నేను చూసుకుంటాను. నా వెనకాల రా, అంతే."

ఫోను చేస్తే భర్త ఎత్తలేదు. డిపో చేరేసరికి కార్మికుల హాలు కిటకిటలాడుతోంది. గోడకి మరిది ఫోటో ఉన్న పెద్ద బ్యానరు, మైకులో పాటలు, ముందు వరసలో ఆమె ఆడపడుచు... భర్తకంటే పెద్దది, తమ్ముళ్ళిద్దరూ తన రెండు కళ్ళని చెప్పుకునే మనిషి. భర్త వీళ్ళకి ఎదురొచ్చాడు. ముఖం దీపంలా వెలిగిపోతోంది!

"ఏవండీ, ఒక్క నిమిషం ఇలా పక్కకి రండి. ఒక ముఖ్యమైన మాట..."

"ఇప్పుడా? మేనేజరుగారు వచ్చేశారు! ఇంటికెళ్ళాక వింటాలే."

"కాదండీ, ఇప్పుడే వినాలి..."

"చిన్నోడికి చొక్కా వేరేది వేశావేం? సరేలే, ఏదైతేనేం, ఆఫీసరు!" అని నవ్వుతూ తమ్ముడి భుజాలు పట్టుకుని స్టేజి మీదికి తీసుకుపోయాడు.

మేనేజరుగారి తరువాత భర్త మైకు ముందు నిలబడ్డాడు. "నాకు స్టీరింగు పట్టుకోవడం తప్ప ఏమీ తెలీదు. మైకు పట్టుకోవడం ఇదే మొదలు" అన్నాడు. అందరూ నవ్వారు. "నన్ను రోజూ ఎవరో ఒకరు 'ఏయ్ డ్రైవరూ' అని పిలుస్తారు. అందులో తప్పేం లేదు. కానీ రేపట్నుంచి ఎవరైనా అలా పిలిస్తే లోపల నవ్వుకుంటాను. ఈ డ్రైవరు ఎవరి అన్నో మీకేం తెలుసురా అనుకుంటాను..." యూనిఫాం చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. చప్పట్లు మోగిపోయాయి. కుర్చీలో చిన్నోడు పాలిపోయి, గుడ్లనీరు కుక్కుకుని కూర్చున్నాడు. మేనేజరుగారు పూలగుచ్ఛం అందుకుని వాడివైపు తిరిగారు. అది చేతిలో పడితే వాడు ఇక ఏమైపోతాడో ఆమెకి తెలిసిపోయింది!

ఎలా నడిచిందో, ఎలా మెట్లెక్కిందో... మైకు ఆమె చేతిలో ఉంది.

"పేపర్లో పేరు... మావాడిది కాదండీ."

చప్పట్లు ఒకటొకటిగా ఆగిపోయాయి.

"అదే పేరున్న వేరే అబ్బాయిది. మావాడు నాతో ఆ రోజే చెప్పాడు. నేనే... నేనే వాడి నోరు మూయించాను. మా ఆయన సంతోషం చూసి నా బుద్ధి గడ్డి తింది. రేపు చెబుదాంలే, ఎల్లుండి చెబుదాంలే అని ఇక్కడిదాకా తెచ్చాను. తప్పంతా నాది. పిల్లాణ్ణి ఏమీ అనకండి..."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ ఒక్క నవ్వు ఇంకో నాలుగయింది. మేనేజరుగారు పూలగుచ్ఛం ఎక్కడ పెట్టాలో తెలియక బల్లమీద పెట్టేశారు. ఆమె మరిదివైపు చూసింది. ఒక్క మాట... "వదినకి తెలీదు, తప్పు నాది" అని ఒక్క మాట అంటాడేమోనని గుండె మూలనెక్కడో ఆశ! అనకూడదనీ అదే గుండె ప్రార్థించింది. వాడు అనలేదు. నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. భర్త ఎవరివైపూ చూడకుండా స్టేజి దిగి, హాలు మధ్యనుంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక ఆడపడుచు అగ్గిమీద గుగ్గిలమైంది. "కడుపున పుడితే తెలిసేదమ్మా ఆ బాధ! నా తమ్ముణ్ణి పదిమందిలో నవ్వులపాలు చేశావు కదా! నీకేం అన్యాయం చేశాం?"

ఆ మొదటి మాట కత్తిలా దిగింది. అయినా పెదవి విప్పలేదు. చిన్నోడు లోపలి గదిలోనే ఉన్నాడు. తలుపు సగం తెరిచే ఉంది.

భర్త ఒకే ఒక్క మాట అన్నాడు. "నాతో మాట్లాడకు."

ఆమె మాట్లాడలేదు. అతనూ మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, నీళ్ళు కావాలంటే తనే లేచి ముంచుకునేవాడు. చిన్నోడు కొద్దిరోజులకే వేరే ఊళ్ళో ట్యుటోరియల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు ఆమె చేతులు పట్టుకుని ఏదో అనబోయి, అనలేక, ఆటో ఎక్కేశాడు. ఫోను చేసేవాడు. తిండి గురించీ గది గురించీ పిల్లల అల్లరి గురించీ చెప్పేవాడు. "అన్నయ్య ఎలా ఉన్నాడు?" అంటే, "బాగున్నాడు నాన్నా, అందరం బాగున్నాం" అనేది.

కుళాయి దగ్గరికి వెళ్తే, "ఆఫీసరుగారి వదినొచ్చింది, తప్పుకోండర్రా!" అని నవ్వేవాళ్ళు. బిందె నింపుకుని తనూ నవ్వేసి వచ్చేది. ఇంట్లో ఎవరూ పుస్తకం చదివేవాళ్ళు లేరు గనక మిషను లోపలికే తెచ్చుకుంది. ఆ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో గొంతు లేదు. భర్త వచ్చే వేళకి మిషను ఆపేసేది... ఏమో, ఈ రోజు పిలుస్తాడేమో, పిలిస్తే వినబడాలిగా! అలా వానలు వెళ్ళి చలి వచ్చింది, చలి వెళ్ళి ఎండలు వచ్చాయి.

ఒకసారి సెలవులకి అక్కయ్యను చూడబోయిన చిన్నోడికి భోజనాల దగ్గర ఆవిడే చెప్పింది... "మీ అన్నయ్య పౌరుషం చూశావా? ఈనాటికీ ఆవిడతో ఒక్క మాట లేదు!" అని గొప్పగా! వాడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చెయ్యి కడుక్కుని, దొరికిన బస్సెక్కి, మధ్యాహ్నం ఎండలో ఇంటికొచ్చి పడ్డాడు.

అన్నయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె మిషను దగ్గర ఉంది. బడులు తెరిచే రోజులు, చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి.

"అన్నయ్యా! వదినకి ఏమీ తెలీదు. సభ రోజు పొద్దున్నే చెప్పాను, అదీ ఏడుస్తూ... స్టేజి మీద వదిన చెప్పిందంతా అబద్ధం. నన్ను కాయడానికి చెప్పింది! నేను... నోరుండీ మూగవాణ్ణయి కూర్చున్నాను. ఫోనులో అడిగినప్పుడల్లా బాగున్నాం అంది. నన్ను కొట్టన్నయ్యా! వదినతో మాట్లాడు..."

భర్త తలెత్తాడు. "తెలుసురా" అన్నాడు.

మిషను ఆగిపోయింది.

"ఆ రోజే తెలుసు. మీ వదిన అబద్ధం చెబితే గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదా? ఇంటికొచ్చాక నేలమీద నీ బట్టలు, ఆ ఖాళీ సంచీ చూశాను. అంతా అర్థమైంది."

ఆమె లేచి నిలబడింది. ఎన్నాళ్ళకో మొదటిసారి భర్తను సూటిగా చూసి అడిగింది. "తెలిసి... తెలిసే నాతో మాట్లాడలేదా?"

"కోపం ఆగలేదు" అన్నాడతను. మాటలు కూడదీసుకోవడానికి కష్టపడుతున్నాడు. "డిపోలో రోజూ ఎవడో ఒకడు నవ్వేవాడు. ఆ కోపం తెచ్చి ఎక్కడ పెట్టను? చిన్నోడిమీద పెడితే వాడు ఏం చేసుకుంటాడోనని భయం. నీమీదైతే... నువ్వు ఓర్చుకుంటావని..."

"నేనూ మనిషినేనండీ!"

ఆమె గొంతు పెంచలేదు. కానీ ఆ మాటకి అన్నదమ్ములిద్దరూ తలలు దించుకున్నారు.

"వాడు బతికుండాలని నేను తల వంచాను. దానికి నాకు బాధ లేదు, రేపైనా వంచుతాను. కానీ మీకు తెలిసి కూడా... ఇన్నాళ్ళు... ఒక్కసారి, ఎవరూ లేనప్పుడు, 'నాకు తెలుసులే' అని ఉంటే చాలుగా! మీ ఇద్దరికీ బరువైతే దించుకోవడానికి నేనున్నాను. నాకు బరువైతే ఎక్కడ దించుకోను? చెప్పండి..."

చిన్నోడు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడి, పాదాలమీద తల పెట్టాడు. ఆమె వంగి, ఆ తలమీద చెయ్యి వేసింది. వేసింది గానీ, వాడిని లేవదీసే ఓపిక ఆ పూట ఆమెకి లేదు.

"నేను కాసేపు పడుకుంటాను" అంది.

పట్టపగలు ఆమె పడుకోవడం ఆ ఇద్దరూ ఏనాడూ చూడలేదు. జ్వరం వచ్చినా మిషను దగ్గరే కూర్చునే మనిషి! కుట్టాల్సిన చొక్కాలు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకుంది.

పక్కగదిలోంచి భర్త గొంతు వినబడింది. ఫోనులో మాట్లాడుతున్నాడు. "అక్కా... అది కాదక్కా, ముందు నా మాట విను. ఆవిడ తప్పేం లేదు. తప్పు మాది... మా ఇద్దరిదీ. నువ్వు వచ్చి ఆవిడతో మాట్లాడాలి. ఆ రోజు నువ్వన్నది చాలా పెద్ద మాటక్కా..." ఆ గొంతు తడబడుతోంది, ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది. చిన్నోడు ఏదో అంటే, "నెమ్మదిగా మాట్లాడరా, పడుకుంది" అన్నాడు.

తన మనసు వాళ్ళను క్షమించిందో లేదో ఆమెకే తెలియలేదు. రేపు లేచి మళ్ళీ వీళ్ళకే వండుతుంది, ఈ ఇంట్లోనే కుడుతుంది... అది మాత్రం తెలుసు. ఇన్నాళ్ళూ రెప్పదాటనివ్వని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి. తుడుచుకోలేదు. అవతల గదిలో ఇద్దరు మగవాళ్ళు అడుగుల చప్పుడు కూడా కాకుండా తిరుగుతుంటే, దిండు తడుస్తుండగానే ఆమెకి నిద్ర పట్టింది.