కింది గడి నుంచి పైకి

మంగలి వేడి తువ్వాలు కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి, కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి తల ఒక పక్కకి వాలి ఉంది. గడ్డం మీది నురగ ఇంకా ఆరలేదు. మెడ చుట్టూ కట్టిన తెల్లగుడ్డ మీద ఎర్రటి మరక నెమ్మదిగా పెద్దదవుతోంది. తుపాకీ చప్పుడు ఎవరూ వినలేదు. హెల్మెట్ తీయకుండా లోపలికి వచ్చిన మనిషి, హెల్మెట్ తీయకుండానే బయటికి వెళ్ళి ట్రాఫిక్‌లో కలిసిపోయాడు.

చనిపోయినాయన ఒళ్ళో ఫోను ఇంకా వెలుగుతోంది. తెర మీద సగం నింపిన గళ్ళ నుడికట్టు.

“ఆయన పేరు మార్చాం, ఇల్లు మార్చాం, ముక్కు ఆకారం కూడా మార్పించాం,” అన్నాడు పెద్దాయన, కిటికీ తెర లాగేస్తూ. గూఢచారి డిపార్ట్‌మెంటుకి చీఫ్ ఆయన. “అయినా పట్టుకున్నారు.”

ఎదురుగా కూర్చున్న ఏజెంటు కదలకుండా వింటున్నాడు. అతని కోడ్ నేమ్ కొంగ. కదలకుండా ఎంతసేపైనా కాచుకోగలడని పెట్టిన పేరు.

విషయం అతనికి తెలుసు. చనిపోయిన ప్రొఫెసరు, ఇంకొక లెక్కల నిపుణురాలు కలిసి ఒక విదేశీ ముఠా రహస్యంగా తయారుచేస్తున్న విషవాయువు ఫార్ములాతో పారిపోయి వచ్చారు. త్వరలో అంతర్జాతీయ విచారణలో సాక్ష్యం చెప్పాలి. ఇప్పుడు మిగిలింది ఆవిడొక్కతే.

“ఆ వెబ్‌సైటే పట్టించింది,” అంది డిపార్ట్‌మెంటు కంప్యూటర్లు చూసే ల్యాబ్ అక్క, లాప్‌టాప్ అతని వైపు తిప్పి. ఆమె కళ్ళ కింద నల్లటి చారలు. “ఎంతమంది వచ్చారు, ఏ బటన్ నొక్కారు అని తెలుసుకోవడానికి సైట్ల వాళ్ళు ఒక జావాస్క్రిప్ట్ లైబ్రరీ, అంటే ఎవరో రాసిచ్చిన కోడ్ ముక్క, పెట్టుకుంటారు. మామూలే. కానీ ఈ నుడికట్టు సైటుకి ఎవరో ఉచితంగా ఇచ్చిన లైబ్రరీ మామూలుది కాదు. నువ్వు ఒక్క అక్షరం కొట్టినా, వేలు కాస్త ఆగినా, ఒక్కో ఈవెంట్‌గా బయటి సర్వర్‌కి పంపుతుంది.”

“పంపితే మనిషెవరో ఎలా తెలుస్తుంది?”

“అలవాటుని బట్టి. ప్రొఫెసరూ లెక్కలావిడా ముఠా ల్యాబ్‌లో రోజూ భోజనాల దగ్గర నుడికట్టు నింపేవాళ్ళు. పక్కన కూర్చున్న వాళ్ళు చూశారుగా. లెక్కలావిడ అందరిలా పైనుంచి మొదలుపెట్టదు. ఆఖరి గడి నుంచి పైకి వస్తుంది. కఠినమైన మాట తగిలితే వేసిన అక్షరం చెరిపేసి మళ్ళీ అదే కొడుతుంది. అలా ఆడే వాళ్ళు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు చెప్పు? అలవాటు దొరికితే ఐపీ అడ్రసు, దాన్నిబట్టి ఇల్లు.”

“లైబ్రరీ పీకేస్తే?”

“మనకి తెలిసిపోయిందని వాళ్ళకి తెలుస్తుంది,” అన్నాడు పెద్దాయన. “అప్పుడు మాయమై, ఇంకో దారిలో వస్తారు. ఊరికి ఆ చివర ఖాళీ ఫ్లాటు ఒకటి తీసుకున్నాం. సాయంత్రం కొత్త నుడికట్టు రాగానే అక్క అక్కడి నుంచి ఆవిడలాగే ఆడుతుంది. వాళ్ళు ఆ తలుపు తట్టాలి. అదే టైములో అసలావిడ ఆడకూడదు. ఫోన్లు నమ్మలేం. నువ్వే వెళ్ళు. ముందు నెమలిని కలిసి ముఠా కదలికలు కనుక్కో. ఆమెకి ఫ్లాటు సంగతి చెప్పకు. లెక్కలావిడ అడ్రసు అసలే చెప్పకు.”

“నెమలి మన మనిషే కదా సార్?”

“ప్రొఫెసరు కూడా మన మనిషే,” అన్నాడు పెద్దాయన.

నెమలి ముఠా లోపల ఉండి డిపార్ట్‌మెంటుకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంటు. బయటి ప్రపంచానికి మాత్రం సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో పెద్ద ఉద్యోగిని. బట్టల షోరూములో నీలం పట్టు భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటోంది. చుట్టుపక్కల వాళ్ళ చూపులన్నీ ఆమె మీదే.

“ఈ రంగు వెలిసిపోదు కదా?” అన్నాడు కొంగ.

“నీడలో ఆరేస్తే వెలిసిపోదు,” అంది నెమలి. కోడ్ సరిపోయింది.

“ప్రొఫెసర్ని కాపాడలేకపోయాను,” అంది, అద్దంలోంచే అతన్ని చూస్తూ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఆలస్యంగా తెలిసింది. ఆవిడనైనా కాపాడు. సింపుల్. ఇంట్లో నెట్ కట్ చెయ్యి. లైను లేకపోతే లైబ్రరీ చచ్చినట్టే. రాత్రికి మళ్ళీ కలుపుకోవచ్చు.”

కొంగ తలూపాడు. ఆమెతో కలిసి ఎన్నో ప్రమాదాలు దాటాడు. ఒకసారి ఆమె కారు డిక్కీలో దాక్కునే సరిహద్దు దాటాడు కూడా. పెద్దాయన మాట గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. ఆ కన్నీళ్ళని అనుమానించడం అతని వల్ల కాలేదు.

సాయంత్రం భుజాన కేబుల్ చుట్ట, చేతిలో నిచ్చెనతో ఒక పాత అపార్ట్‌మెంటు మెట్లెక్కాడు. తలుపు తీసింది లెక్కలమ్మ చెల్లెలు.

“నెట్ బాగానే వస్తోందే. ఎవరు పిలిచారు మిమ్మల్ని?”

“వాన రాకముందే చూసుకోమన్నారమ్మా,” అన్నాడు. అది గుర్తుమాట. ఆమె మొహం పాలిపోయింది. పక్కకి తప్పుకుని తలుపు గడియ పెట్టి, బాల్కనీ చూపించి, వంటగదిలోకి వెళ్ళిపోయింది.

లెక్కలమ్మ బాల్కనీలో, ఒళ్ళో టాబ్లెట్‌తో కూర్చుని ఉంది. పక్కన సర్ఫు నీళ్ళ బకెట్‌లో బట్టలు నానుతున్నాయి. విషయమంతా విని టాబ్లెట్ ఒళ్ళో బోర్లించింది.

“ఆయన బాధ పడ్డాడా?” అంది.

“లేదమ్మా. ఆయనకి తెలియను కూడా తెలియదు.”

“మా ఇద్దరికీ ఉన్న వ్యసనం ఇదొక్కటే నాయనా. ఇది కూడా వదిలేస్తే నాలో నేనేం మిగిలాను?”

కొంగ రౌటర్ వైరు పీకేశాడు. దాని మీది చిన్న దీపాలు ఆరిపోయాయి.

“ఇక్కణ్ణుంచి ఇంక ఏదీ బయటికి పోదు,” అన్నాడు.

“పేజీ ముందే తెరిచి పెట్టుకున్నాను. నింపుకోనా మరి?”

ఆ గొంతులోని ఆశ విని కాదనలేకపోయాడు. “నింపుకోండి.”

ఆమె ఆఖరి గడి దగ్గర వేలు పెట్టింది. కొంగ ముందుగది కిటికీ దగ్గరికి వచ్చి వీధిలోకి చూశాడు. హెల్మెట్ పెట్టుకున్న ప్రతి మనిషీ హంతకుడిలాగే కనిపిస్తున్నాడు. ఒక బండి కింద ఆగింది. కాసేపుండి వెళ్ళిపోయింది.

చెవిలో దాచిన రిసీవర్ కరకరలాడింది. ల్యాబ్ అక్క గొంతు.

“కొంగా, నేనిక్కడ ఆడటం మొదలుపెట్టాను. కానీ ఆ లైబ్రరీ కోడంతా ఒకే లైనులో కుక్కి పెట్టాడు వెధవ. విప్పేసరికి ఇంతసేపైంది. ఇప్పుడు వాళ్ళ సర్వర్‌కి ఏం చేరుతోందో కూడా కనిపిస్తోంది. విను. నెట్ లేకపోయినా అది ఆగదు. ఈవెంట్లన్నీ బ్రౌజర్లో దాచుకుంటుంది. నెట్ తగిలిన మరుక్షణం మొత్తం ఒక్క మూటగా పంపేస్తుంది. ఆవిడ ఆడటం లేదుగా?”

కొంగ బాల్కనీ వైపు తిరిగాడు. రాత్రికి మళ్ళీ కలుపుకోవచ్చు. ఆ మాట అన్నప్పటి నెమలి తడి కళ్ళు గుర్తొచ్చాయి.

అదే క్షణంలో వంటగదిలోంచి చెల్లెలి గొంతు వినిపించింది. “అక్కా, నా ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేశాను. నీ టాబ్లెట్ దానికే కలుస్తుంది. నెట్ లేదని దిగులు పడకు.”

కొంగ పరిగెత్తాడు. కుర్చీ తగిలి పడిపోయింది. టాబ్లెట్ మూలన సిగ్నల్ గుర్తు వెలవెలబోతూ వెలుగుతోంది. ఒక గీత. రెండో గీత నిండబోతోంది. లెక్కలమ్మ తలెత్తి చూసేలోపే టాబ్లెట్ లాక్కుని బకెట్‌లో ముంచాడు. మోచేతి దాకా నురగ. అడుగున తెర ఒకసారి వణికి నల్లబడింది.

“ల్యాబ్ అక్కా, సర్వర్‌లో ఇలాంటి ఆటలు ఎన్ని కనిపిస్తున్నాయి?” ఆయాసపడుతూ అడిగాడు.

చెవిలో కీబోర్డు టకటకలు. లెక్కలమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. నీళ్ళు కారుతున్న చేతిని తుడుచుకోవడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు కొంగ.

“సర్వర్‌కి చేరింది ఒక్క ఆటే,” అంది ల్యాబ్ అక్క. “నాది.”

ఆ రాత్రి ఖాళీ ఫ్లాటు తలుపు తట్టిన ముఠావాళ్ళిద్దరినీ వాళ్ళ వేళ్ళు తుపాకుల దాకా వెళ్ళకముందే లోపల కాచుకున్న డిపార్ట్‌మెంటు వాళ్ళు నేలకి అదిమేశారు. వీధి చివర కారులో కూర్చున్న నెమలి కూడా దొరికింది. లెక్కలమ్మ ఇంటి నెట్ మళ్ళీ కలిసి, మూట సర్వర్‌కి చేరిందనుకుని ముఠావాళ్ళని వెంటబెట్టుకుని వచ్చిందామె.

కొంగ ఆమెని చూడటానికి వెళ్ళాడు. చేతులకి బేడీలున్నా ఆమె కూర్చున్న తీరు మారలేదు.

“షోరూములో ఏడ్చావు,” అన్నాడు.

“నిజంగానే ఏడ్చాను. ప్రొఫెసరు మంచివాడు.” బేడీలు సర్దుకుంది. “నువ్వూ మంచివాడివే. అందుకే ఆవిడ ఆడుకుంటానంటే కాదనలేవని అనుకున్నాను.”

 కొంగ తలుపు వేసి బయటికి వచ్చేశాడు.

మర్నాడు అక్కచెల్లెళ్ళని కొత్త చోటికి తీసుకెళ్తున్న వ్యాన్‌లో లెక్కలమ్మ పక్కనే కూర్చున్నాడు కొంగ. ఒక కాగితం పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. లోపల అచ్చయిన నుడికట్ల పుస్తకం, పెన్సిలు.

“ఇక మీద ఇదేనమ్మా. దీంట్లో ఏం నింపినా ఎవరికీ తెలియదు. ఎవరూ చూడరు.”

లెక్కలమ్మ పుస్తకం తిరగేసింది. ఆఖరి పేజీల్లో జవాబులున్నాయి. వెనక సీటులోంచి మెడ చాచి ఆ జవాబులే చదువుతున్న చెల్లెలి వైపు ఓసారి చూసి, పుస్తకం మూసేసింది.

“ముఠావాళ్ళే నయం నాయనా,” అంది. “వాళ్ళు చూసేవాళ్ళే గానీ, జవాబు ముందే చెప్పేసేవాళ్ళు కాదు.”