గేటు దగ్గర గులాబీ గోళ్ళు

చిత్తూరు శివార్లలోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మునిశేఖర్‌ది విచిత్రమైన ఉద్యోగం. లోపలికి పోయే ప్రతి మనిషి చేతులూ గేటు దగ్గర పట్టుకుని గోళ్ళు చూడాలి. పెరిగి ఉంటే కత్తెర ఇవ్వాలి, రంగు ఉంటే ఇంటికి పంపాలి. ఒకసారి మేనేజరు దొరస్వామి చేతికే కత్తెర ఇచ్చిన ఘనుడతను.

జూన్ మొదట్లో ఒక పొద్దున, సన్నటి తుంపరలో, గొడుగు కింద కోమలి వచ్చింది. చంద్రగిరిలో పెళ్ళికి పోయి వచ్చిందేమో, వేళ్ళన్నిటికీ గులాబీ రంగు తళతళలాడుతోంది.

"రంగుండాది. లోపలికి పోకూడదు."

"గ్లౌజులు ఏసుకుంటాం కదా సార్?"

"గ్లౌజు చినిగితే?"

"చినిగినప్పుడు సూద్దాం."

"రిమూవర్‌తో తుడుచుకుని రేపు రామ్మా."

కోమలికి ఒళ్ళు మండింది. "మీరెప్పుడన్నా రిమూవర్ పూసుకున్నారా? మామిడి సొన తగిలి మా చేతులు పుండ్లయి ఉండాయి. దాని మీద ఆ మందు పడితే పానం పోతాది. ముందు మీరు రంగేసుకుని, మీరు తుడుచుకోండి. ఆమీట నేను తుడుచుకుంటా."

విసవిసా వెళ్ళిపోయింది. ఆమె కూలి పోయిందన్న మాట మునిశేఖర్‌ను పగలంతా పీడించింది. సాయంత్రం తిన్నగా వరదయ్య ఫ్యాన్సీ స్టోరుకు పోయాడు.

"ఒక నెయిల్ పాలిష్, రిమూవర్లు ఎన్ని రకాలుంటే అన్నీ ఇయ్యన్నా."

"ఎవురికప్పా?"

"నాకే."

వరదయ్య షాపులో ఇంకెవరూ లేరని చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నీ ఒంటి రంగుకు ముదురు ఎరుపు బాగుంటాది" అన్నాడు.

పరీక్ష న్యాయంగా జరగాలని మునిశేఖర్ వేళ్ళకు మామిడి సొన కూడా రాసుకున్నాడు. మొదటి రిమూవర్‌కు అతను పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. రెండోదాని వాసనకు వాళ్ళే పరుగెత్తి పోయారు. మూడోది మంట పెట్టలేదు, రంగూ తీయలేదు. సీసా ఖాళీ అయింది, గోళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

మరుసటి పొద్దున గేటు దగ్గర అతను మొదట తన చేతులు తానే చూసుకున్నాడు. రంగుంది. స్టూలు ఎత్తుకుని గేటు బయట వేసుకున్నాడు.

"ఏందప్పా ఇది!" దొరస్వామి నెత్తి కొట్టుకున్నాడు. "నువ్వు రాకుంటే గోళ్ళెవురు సూస్తారు?"

"బయటనుంచే సూస్తా సార్. నాకు ఆబ్సెంట్ ఏసుకోండి."

లైనులో ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. గులాబీ గోళ్ళతోనే వచ్చిన కోమలి మాత్రం ఎర్రగోళ్ళ చుట్టూ పొక్కిన చర్మం చూసి నవ్వు ఆపేసింది.

"నిజంగా ఏసుకున్నావా? పిచ్చోడా, మంటగా ఉండాదా?"

ఆమె నోట 'సార్' అన్న మాట ఎటుపోయిందో ఇద్దరికీ తెలియలేదు.

"ఉండాది. అయినా మంట పెట్టనిది, అందరూ కొనుక్కోగలిగేది, యాడో ఒకటి ఉంటాది. ఎతుకుతా."

లోపలికి పోవడానికి ఇద్దరికీ వీల్లేదు గనక ఇద్దరూ బయటే కూర్చున్నారు. మధ్యాహ్నానికి సంగతి తెలిసి వరదయ్య స్కూటర్ మీద ఆదరాబాదరా వచ్చాడు. "అబ్బా, కొత్త సరుకొచ్చింది! టీ, బన్ను ధరే. ఏలికి మెత్తన అంట."

మునిశేఖర్ ముందు తన బొటనవేలు తుడిచాడు. రంగు పోయింది. చేయి విదిలించకుండా కాసేపు ఆగి చూశాడు. మంట లేదు. అప్పుడు దూది తడిపి కోమలి చేయి అందుకున్నాడు.

"మంటగా ఉండాదా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదంటిని కదా. మెల్లిగా తుడువు."

మెల్లిగానే తుడిచాడు. అంత మెల్లిగా ఆ ఫ్యాక్టరీలో ఏ పనీ జరిగి ఉండదు.

ఆనాటి నుంచి గేటు స్తంభానికి రిమూవర్ సీసా వేలాడింది. ఎవరూ ఇంటికి పోనక్కరలేదు. కోమలి మాత్రం రోజూ చిటికెన వేలికి గులాబీ రంగు వేసుకుని వచ్చేది.

"నిన్ననే తుడిచినాను కదా?"

"పోయింది కదా, మళ్ళీ ఏసినా."

వెనక నిలబడిన ఆమె తల్లి తిరుమలమ్మ విసుక్కునేది. "పెండ్లి పీటల మీద కూడా ఇంతసేపు చెయ్యి పట్టుకోరు నాయనా! కానీ!"

ఒక్క తుడుపుకే రంగు పోయేది. ఇంత మంచి రిమూవర్ ఎందుకు వెతికానా అని మునిశేఖర్ మనసులో ఏడ్చేవాడు. దూది చిన్నది చేసి చూశాడు, లాభం లేకపోయింది.

ఇంతలో తోతాపురి మామిడి కాపు అయిపోవచ్చింది. సీజన్ రేపటితో ఆఖరనగా కోమలి చెప్పింది. "సత్యవేడు పక్క కంపెనీలో పనుండాదంట. ఎల్లుండి పోతా. ఆడే హాస్టల్."

మునిశేఖర్ "ఆడ గోళ్ళెవురు సూస్తారు?" అని మాత్రం అడగగలిగాడు.

"ఎవురూ సూడరు" అని ఆమె మొహం తిప్పుకుని పోయింది.

ఆఖరి రోజు కోమలి శుభ్రమైన గోళ్ళతో వచ్చింది. మునిశేఖర్ తిప్పి తిప్పి చూశాడు. చేయి పట్టుకుని ఉండటానికి ఏ కారణమూ దొరకలేదు. అయినా వదలలేదు. వదిలితే సత్యవేడు పోతుంది. తన రెండో చేతిని జేబులోంచి తీశాడు. చిటికెన వేలికి గులాబీ రంగు ఉంది.

"కోమలీ, నువ్వు తుడిస్తేనే నేను లోపలికి పోతా. ఈ ఒక్కరోజుకు కాదు. నువ్వంటే నాకు పానం. పెండ్లి చేసుకుందాం."

కోమలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ మాట చెప్పడానికి సీజనంతా కావాల్నా? ఇన్నాళ్ళూ గోళ్ళు సూస్తా కూసున్నావు!"

"యాడ సూసినాను? నీవి తప్ప ఎవురి గోళ్ళూ సూళ్ళేదు!"

గేటు లోపలినుంచి దొరస్వామి కెవ్వుమన్నాడు. "ఏమంటివప్పా? ఎవురివీ సూళ్ళేదా?"

లైను మొత్తం ఒక్కసారిగా చేతులు వెనక్కి దాచుకుంది.

కోమలి నవ్వుతూ, ఏడుస్తూ ఫోన్ తీసింది. "హాస్టల్‌కు రానని చెప్తా ఉండు" అని తల్లి వైపు చూసింది. "ఏమా, చెప్పేదా?"

తిరుమలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "చెప్పు. నీ కోసం వేళ్ళు కాల్చుకున్నోడు, నిన్ను బాగానే సూసుకుంటాడులే."

తిరుమలమ్మ చేతులు మాత్రం ఇంకా వెనకే ఉన్నాయి. మునిశేఖర్ కళ్ళు తుడుచుకుని, దూది అందుకున్నాడు.

"ఏం నాయనా, కాబోయే అత్త చేతులు కూడా సూస్తావా?"

"రూలు రూలే అత్తా" అన్నాడు మునిశేఖర్. "చెయ్యి చాపు."